పసిపిల్లలకు లాటిన్: యెవరి చదువు? యెవరి కోసం?

యీ మధ్య వొక ఉపాధ్యాయ గోష్ఠిలో నేను చెప్పిన నాలుగు మాటలు కొందరు మిత్రులకు కోపం తెప్పించాయి. ఇంగ్లండులో యేడెనిమిదేళ్ల పిల్లలకు లాటిన్ భాషనూ, ప్రాచీన గ్రీసు, రోము దేశాల చరిత్రనూ పరిచయం చేయడం మంచి పనేననీ, అభ్యుదయవాదులు దాన్ని వ్యతిరేకించడం పొరపాటనీ నేనన్నాను. వెంటనే వొక మిత్రుడు లేచి, "మాస్టారూ, యిన్నేళ్లు మాకు వర్గదృష్టి నేర్పి, యిప్పుడు సీమదొరల చదువుకు వకాల్తా పుచ్చుకుంటున్నారా?" అని అడిగారు. సభ నవ్వింది. నేనూ నవ్వాను. కాని ఆ ప్రశ్న నవ్వి వూరుకొనేది కాదు. ఆనాడు వ్యవధి చాలక చెప్పలేకపోయిన సమాధానం యిప్పుడు చెబుతున్నాను.

ముందు నా సంగతి. నేను లాటిన్ పండితుణ్ణి కాను. నల్లగొండ జిల్లా పాఠశాలల్లో ముప్ఫై రెండేళ్లు సాంఘికశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. మా అమ్మాయి కాపురం ఇంగ్లండు వుత్తరాన, న్యూకాసిల్ ప్రాంతంలో. అక్కడ ఆరు నెలలు వుండి వచ్చాను. మా మనుమరాలికి యెనిమిదేళ్లు. ప్రభుత్వ పాఠశాలలో చదువుతోంది. వొక సాయంత్రం సంచిలోంచి వొక బొమ్మల పుస్తకం తీసింది. అందులో కథానాయకుడు వొక చిట్టెలుక. పేరు మినిమస్. లాటిన్‌లో ఆ మాటకు 'అన్నిటికన్నా చిన్నది' అని అర్థం. బార్బరా బెల్ అనే ఉపాధ్యాయిని రాయగా 1999లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం అచ్చువేసిన పుస్తకమది. ఇంగ్లండు పాఠ్యప్రణాళిక ప్రకారం 2014 నుంచి యేడు మొదలు పదకొండేళ్ల పిల్లలందరూ వొక పరభాష నేర్చుకోవాలి. అది ఫ్రెంచివంటి జీవద్భాష కావచ్చు, లాటిన్‌వంటి ప్రాచీన భాషా కావచ్చు. ఆ దారినే యీ యెలుక బడిలోకి వచ్చింది.

మొదట నాకు వొళ్లు మండింది. తెలుగు అక్షరాలు కూడబలుక్కోలేని పిల్లకు లాటిన్ యెందుకనుకున్నాను. ఆ సాయంత్రమే పిల్ల నాకు పాఠం చెప్పడం మొదలుపెట్టింది. "తాతా, సెర్వుస్ అంటే యింట్లో సాయం చేసే మనిషి" అంది. బళ్లో యిచ్చిన కాగితంమీద కూడా అట్లాగే వుంది. పక్కన బొమ్మ: గిన్నె పట్టుకొని చిరునవ్వు నవ్వుతున్న మనిషి.

"సాయం కాదమ్మా, బానిస" అన్నాను.

"అంటే జీతం యివ్వరా?"

"యివ్వరు."

"మానేసి వెళ్లిపోవచ్చు గదా!"

"వెళితే పట్టుకొచ్చి కొడతారు."

పిల్ల కాసేపు కాగితంకేసి చూసింది. "మరి యితను నవ్వుతున్నాడేమిటి?" అంది.

అక్కడ నా కోపం చల్లారింది. యెనిమిదేళ్ల పిల్లచేత ఆ ప్రశ్న అడిగించగల చదువు పనికిమాలిన చదువు కాదు. అది దొరల చదువు అసలే కాదు. దొరల చదువులో ఆ ప్రశ్న రాదు. వస్తే జవాబు దొరకదు. కాబట్టి వివాదం లాటిన్ కావాలా వద్దా అన్నది కాదు. ఆ నవ్వే బొమ్మను పిల్లలముందు పెట్టి వూరుకుంటామా, ఆ ప్రశ్నను కూడా పెడతామా అన్నదే వివాదం.

యీ సంగతి తేలాలంటే, లాటిన్ యిన్నాళ్లూ యెవరి చేతిలో వుందో చూడాలి. ఇంగ్లండులో పదకొండు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు లాటిన్ చెప్పే ప్రభుత్వ పాఠశాలలు నూటికి 2.7. ఫీజులు పుచ్చుకొనే ప్రైవేటు పాఠశాలల్లో నూటికి 49. యివి అక్కడి ప్రభుత్వం 2021లో తానే వుటంకించిన అంకెలు. ఆ ప్రైవేటు బళ్లలో చదివేది నూటికి సుమారు యేడుగురు పిల్లలు. 1960 ప్రాంతం దాకా ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయాల గడప దాటాలంటే లాటిన్ తప్పనిసరి. అంటే లాటిన్ చెప్పని బడిలో చదివిన గనికార్మికుడి కొడుకు యెంత తెలివైనవాడైనా గడప బయటే నిలబడాలి. భాష అక్కడ చదువు కాదు, కావలివాడు.

ఆ కావలివాడు మన దేశానికీ వచ్చాడు. 1854లో మెకాలే అధ్యక్షతన కూర్చున్న సంఘం ఇండియా సివిల్ సర్వీసు పోటీపరీక్షకు మార్కులు నిర్ణయించింది. గ్రీకుకు 750, లాటిన్‌కు 750. సంస్కృతానికి 375, అరబ్బీకి 375. గోదావరి జిల్లానో కడప జిల్లానో యేలబోయే కుర్రవాడు లాటిన్ పద్యాలు అల్లగలిగితే చాలు. ఆ రైతు చెప్పుకొనే మొర యే భాషలో వుంటుందో ఆ తెలుగుకు ప్రవేశపరీక్ష పట్టికలో చోటే లేదు. లాటిన్ చదివినవాడు ఇండియాను పాలించడానికి యెందుకు తగినవాడయ్యాడు? ఆ భాషలో పాలనారహస్యమేదో వుండి కాదు. లాటిన్ చదివాడంటే ఫలానా బళ్లలో చదివాడని అర్థం. ఫలానా బళ్లలో చదివాడంటే ఫలానా కుటుంబాలవాడని అర్థం.

యిక్కడిదాకా నా మిత్రులూ నేనూ వొకటే మాట. యిక్కణ్ణుంచే దారులు చీలుతాయి. "చూశారా, అది పాలకుల ఆయుధం; పారవేయండి" అంటారు వారు. పాలకులు ఆ ఆయుధాన్ని యెట్లా వాడారో, దాన్ని యెట్లా తిప్పి పట్టుకోవచ్చునో చూడండి అంటాను నేను.

మెకాలే బావమరిది చార్లెస్ ట్రెవిలియన్ 1838లో భారతప్రజల విద్యను గురించి వొక పుస్తకం రాశాడు. యీయనే తరువాత 1859, 1860లలో మద్రాసు గవర్నరుగా మన కోస్తా, సీమ జిల్లాలకు కూడా పాలకుడయ్యాడు. ఆ పుస్తకంలో ఆయన వాదం సూటిగా వుంది. వొకప్పుడు రోమన్లకు బ్రిటన్లు యెట్లాంటివారో, మనకు భారతీయులు అట్లాంటివారు కావాలి. రోమన్ గవర్నరు అగ్రికోలా బ్రిటన్ నాయకుల కొడుకులకు రోమన్ విద్యలు నేర్పించాడని చరిత్రకారుడు టాసిటస్ చెప్పాడు. మనమూ ఆ దారినే పోదాం. యిదీ ఆయన చూపిన పూర్వోదాహరణ.

టాసిటస్ ఆ మాట చెప్పిన మాట నిజమే. కాని అక్కడ ఆగలేదు. ఆ బ్రిటన్లు క్రమంగా రోమన్ వేషానికీ, స్నానశాలలకూ, విందులకూ అలవాటుపడ్డారని చెప్పి, తెలియక వాళ్లు దాన్ని నాగరికత అనుకున్నారనీ, నిజానికి అది వాళ్ల దాస్యంలో భాగమేననీ అదే చోట ముగించాడు. ట్రెవిలియన్ ఆ విధానాన్ని ఆదర్శంగా తీసుకున్నాడు. ఆ చురకను కాదు. టాసిటస్ రోమన్ ప్రభువర్గంవాడు, అగ్రికోలాకు స్వయానా అల్లుడు. సామ్రాజ్యం గుట్టు సామ్రాజ్యపు మనిషే రాసిపెట్టాడు. ఆ గుట్టు లాటిన్‌లో వుంది. లాటిన్ కొద్దిమందికే వచ్చినంతకాలం దానిలో యే భాగం బయటికి చెప్పాలో ఆ కొద్దిమందే నిర్ణయిస్తారు. మెకాలే విద్యను గురించి మనం యెన్ని వుపన్యాసాలు చెప్పుకున్నాం! ఆ విద్యకు రెండువేల యేళ్లనాటి మాతృక బ్రిటన్ గడ్డమీదే వుంది. న్యూకాసిల్ బళ్లో మా మనుమరాలూ, ఆమె పక్కన కూర్చున్న తెల్లపిల్లా యిద్దరూ పాలితుల సంతతేనని తెలుసుకోవడానికి యింతకన్నా మంచి పాఠం యేది?

యిక లాటిన్ పక్షాన మాట్లాడే పెద్దమనుషులను గురించి. వారికీ నాకూ పొత్తు లేదు. లాటిన్ బుద్ధికి పదును పెడుతుందనీ, శీలాన్ని తీర్చిదిద్దుతుందనీ వారి వాదం. ఈనాక్ పవెల్‌ను మించిన లాటిన్, గ్రీకు పండితుడు బ్రిటిషు పార్లమెంటులో అరుదు. యిరవై అయిదో యేట సిడ్నీలో గ్రీకు ఆచార్యుడయ్యాడు. 1968 యేప్రిల్ 20న బర్మింగ్‌హామ్‌లో వలసవచ్చిన నల్లజాతులమీద విషం చిమ్ముతూ చేసిన వుపన్యాసంలో నెత్తురు పారే నది వుపమానాన్ని ఆయన వర్జిల్ మహాకావ్యం నుంచే తెచ్చుకున్నాడు. ఆయన బుద్ధికి పదును లేదనలేం. ఆ పదును యెవరి గొంతుమీద పెట్టాడన్నదే ప్రశ్న. కాబట్టి భాష తనంతట తాను యెవరినీ మంచివాణ్ణి చెయ్యదు. సంస్కృతం వస్తే సంస్కారం వస్తుందని మన దగ్గర చెప్పే మాటకూ యిదే జవాబు.

యిప్పుడు మన మిత్రుల అభ్యంతరాలు వొక్కొక్కటే చూద్దాం.

మొదటిది: అది మృతభాష, యెవరూ మాట్లాడరు. నిజమే. మాట్లాడుకోవడానికి నేర్పాలని నేననడం లేదు. శాతవాహనుల శాసనాల ప్రాకృతం యీనాడు యెవరూ మాట్లాడరు. ఆ శాసనాలు చదివినవారు లేకపోతే మన చరిత్రలో యెన్నో శతాబ్దాలు చీకటే. భాష చచ్చినా అందులో రాసిన పత్రాలు చావవు. అమ్మకపు పత్రాలు, పన్ను లెక్కలు, శిక్షలు, మొరలు అన్నీ వుంటాయి.

రెండవది: అది యజమానుల భాష. అవును, యజమానులదే. కాని వారిది మాత్రమే కాదు. రోములో ఆ భాష మాట్లాడిన బానిసలు యెందరు! ప్లాటస్ నాటకాలలో యజమానిని బోల్తాకొట్టించే బానిస యే భాషలో మాట్లాడతాడు? భాష వొక వర్గానికి చెందిన సొత్తు కాదనీ, దాన్ని వాడుకొనే తీరులోనే వర్గం కనిపిస్తుందనీ 1950లో సోవియట్ పత్రికలలో జరిగిన భాషాశాస్త్ర చర్చ నాటికే మనవాళ్లు వొప్పుకున్న విషయం. మా నాయన సంగతి చెబుతాను. ఆయన దొర గడీలో వెట్టిచేసినవాడు. నాగుకు తెచ్చుకున్న జొన్నలకు దొర రాయించిన వుర్దూ కాగితంమీద వేలిముద్ర వేశాడు. అందులో యేమి రాసివుందో ఆయనకు చచ్చేదాకా తెలియదు. అది వుర్దూ చేసిన పాపం కాదు. మఖ్దూం మొహియుద్దీన్ మన పోరాటాన్ని గానం చేసింది ఆ భాషలోనే. కాగితం చదవనివ్వని వ్యవస్థ చేసిన పాపమది. "వుర్దూ దొరల కచేరీభాష, నీకెందుకురా" అని మా నాయనతో యెవరైనా అభ్యుదయవాది చెప్పివుంటే అందరికన్నా యెక్కువ సంతోషించేవాడు దొరే.

మూడవ అభ్యంతరం మరీ ప్రమాదకరమైనది. అది మనవాళ్ల నోటినుంచి రావడం యింకా బాధాకరం. కూలివాడి బిడ్డకు యీ చదువెందుకు, పనికొచ్చేదేదో నేర్పండి అంటారు. పనికొచ్చేది అంటే యెవరి పనికి? కూలివాడి బిడ్డకు కూలికి పనికొచ్చే చదువు, దొరబిడ్డకు లోకాన్ని అర్థంచేసుకొనే చదువు. యీ పంపకం చేసింది యెవరు? దాన్ని మనం ప్రజాపక్షం పేరిట వల్లించడమేమిటి? సార్డీనియా పేదయింట పుట్టిన గ్రాంసీ 1926లో ఖైదై, జైల్లో రాసుకున్న పుస్తకాలలో యీ విషయం లోతుగా చర్చించాడు. పిల్లలు లాటిన్, గ్రీకు నేర్చినది ఆ భాషల్లో హోటలు నౌకరీ చేయడానికో, దుబాసీలు కావడానికో కాదనీ, వొక నాగరికతను మొదలునుంచి తుదిదాకా పరిశీలించే అలవాటు కోసమనీ అన్నాడు. వాటి స్థానంలో మరొకటి రావలసిందేనన్నాడు. కాని దాన్ని సమకూర్చడం తేలిక కాదని కూడా హెచ్చరించాడు. చదువు శ్రమ అనీ, ఆ శ్రమకు అలవాటులేని ఇళ్ల పిల్లలకు అది మరీ కష్టమనీ, అందుకని పాఠాన్ని పలచన చేస్తే నష్టపోయేది ఆ పిల్లలేననీ ఆయన వాదన సారం. యీ మాటలు ముస్సోలినీ జైల్లో కూర్చున్న కమ్యూనిస్టువి. యే దొరల బళ్లోనో కూర్చున్న హెడ్మాస్టరువి కావు. కార్ల్ మార్క్స్ 1841లో డాక్టరు పట్టా పుచ్చుకున్న సిద్ధాంతవ్యాసం డెమొక్రిటస్, ఎపిక్యూరస్ అనే గ్రీకు తాత్వికులను గురించినదే. కూతుళ్లు సరదాగా అడిగిన ప్రశ్నలకు జవాబిస్తూ తనకు యిష్టమైన వీరుడు స్పార్టకస్ అని రాశాడు. క్రీస్తుపూర్వం 73లో తిరగబడిన ఆ బానిస పేరు రోమన్ చరిత్రలు చదివినవారివల్లనే మనదాకా వచ్చింది. రోజా లక్సెంబర్గ్ తన సహచరుల దళానికి ఆ పేరు పెట్టుకోగలిగింది అందువల్లనే.

యింతకూ 'క్లాసిక్' అనే మాట యెక్కడిది? రోమన్లు పౌరులను ఆస్తినిబట్టి తరగతులుగా విభజించారు. తరగతికి లాటిన్ మాట క్లాసిస్. అందులో అగ్రశ్రేణివాడు క్లాసికుస్. ఆస్తి యేమీలేక, రాజ్యానికి సంతానాన్ని మాత్రమే యివ్వగలవాడు ప్రొలెతారియుస్. క్రీస్తుశకం రెండవ శతాబ్దంలో ఆలస్ గెల్లియస్ తన గ్రంథంలో వొక పండితుడి మాటగా రచయితలకు కూడా యీ పన్నుల పట్టికనే వర్తింపజేశాడు: ప్రమాణంగా తీసుకోవలసింది క్లాసికుస్ రచయితను, ప్రొలెతారియుస్‌ను కాదు. సాహిత్యం అనే మాట పక్కన 'క్లాసిక్' వచ్చి కూర్చున్నదీ, దానికి యెదుటి పక్షంగా శ్రామికుడి పేరు పడినదీ వొకే వాక్యంలో! మనం రోజూ వాడే 'వర్గం' అనే మాటకు ఇంగ్లీషు మాటా, 'క్లాసిక్కూ', 'ప్రొలిటేరియట్టూ' యీ మూడూ ఆ రోమన్ పన్నుల చిట్టాలోనివే. యీ సంగతి బళ్లో చెప్పని లాటిన్ మాస్టరు పిల్లల్ని మోసం చేస్తున్నాడు. యీ సంగతి తెలిసే అవకాశాన్ని తీసివేయమనే అభ్యుదయవాది ఆ మోసానికి తలుపు మూసి కాపలా కాస్తున్నాడు.

అయితే యెట్లా చెప్పాలి? మినిమస్ పుస్తకం వట్టి కల్పన కాదు. రోమన్ సరిహద్దు కోట విందొలాండాలో 1973 నుంచి సిరాతో రాసిన పలచని చెక్కపలకలు బయటపడుతూ వచ్చాయి. కోట అధిపతి ఫ్లావియస్ కెరియాలిస్, అతని భార్య లెపిదినా నిజంగా బతికిన మనుషులు. మరో అధికారి భార్య క్లాడియా సెవెరా సెప్టెంబరు 11న జరిగే తన పుట్టినరోజుకు రమ్మని లెపిదినాకు రాసిన పిలుపు దొరికింది. అది సుమారు క్రీస్తుశకం 100 నాటిది. స్త్రీ చేతిరాతలో మనకు దక్కిన లాటిన్‌లో అత్యంత ప్రాచీనమైనవాటిలో వొకటి. పిల్లలకు పుట్టినరోజు పిలుపు బాగానే నచ్చుతుంది. చెప్పండి, కాదనను.

కాని ఆ కోటలోనే మరికొన్ని పలకలు దొరికాయి. వొకదానిలో స్థానిక బ్రిటన్లను హేళనగా, పేరుకు కురచ ప్రత్యయం తగిలించి 'బ్రిత్తుంకులి' అన్నారు. మన వూళ్లలో పెద్దకులాలవారు చిన్నకులాలవారి పేర్ల చివర 'గా', 'గాడు' తగిలించడం యెరిగిన మనకు ఆ ప్రత్యయం రుచి వేరే చెప్పనక్కరలేదు. ఇంకొకదానిలో సముద్రం అవతలినుంచి వచ్చిన వొక వ్యాపారి, తాను నిరపరాధిననీ, తనను బెత్తాలతో కొట్టారనీ పైఅధికారికి మొరపెట్టుకున్నాడు. లండనులో 1994లో దొరికిన పలక వొకటి అమ్మకపు పత్రం. గాల్ దేశపు పిల్ల ఫార్చునాటాను 600 దెనారియులకు కొన్నారు. అది ఆనాటి సైనికుడి రెండేళ్ల జీతానికి అటూయిటూ. పిల్ల ఆరోగ్యంగా వుంది, పారిపోయే గుణం లేదు అని హామీ. కొన్నవాడు తానే వొక బానిస. చక్రవర్తి బానిసకు బానిస. ఫార్చునాటా అంటే అదృష్టవంతురాలు!

న్యూకాసిల్‌కు దగ్గరలోనే సౌత్ షీల్డ్స్‌లో వొక సమాధిరాయి వుంది. మనుమరాలిని వెంటబెట్టుకొని చూసి వచ్చాను. సిరియాలోని పామీరానుంచి వచ్చిన బరాతీస్ అనే అతను తన భార్యకోసం నిలిపిన రాయి. ఆమె దక్షిణ బ్రిటన్ తెగ పిల్ల. అతను కొన్న బానిస. విముక్తి యిచ్చి పెళ్లాడాడు. ముప్ఫైయేళ్లకే పోయింది. పేరు రెజినా. అంటే రాణి. లాటిన్ శాసనం కింద అతను తన సొంత లిపిలో మరో పంక్తి చెక్కించాడు. మనుమరాలు ఆ కింది అక్షరాలమీద వేలుపెట్టి, "యిది వాళ్లింటి భాషా తాతా?" అని అడిగింది. అవునన్నాను. దుఃఖం వచ్చినప్పుడు మనిషి సామ్రాజ్యభాషతో సరిపెట్టుకోలేడని నేను చెప్పనక్కరలేకపోయింది.

యివన్నీ యెనిమిదేళ్ల పిల్లకు అర్థమయ్యే సంగతులు. కష్టమైనవి కావు, పెద్దలకు యిబ్బందికరమైనవి, అంతే. అదృష్టవంతురాలనీ రాణి అనీ పేర్లు పెట్టి మనుషులను అమ్ముకున్న లోకాన్ని రెండు లాటిన్ మాటలతో చూపవచ్చు. 'పుయెర్' అంటే పిల్లవాడు; నెరిసిన తల బానిసనూ ఆ మాటతోనే పిలిచేవారు. గడీలో డెబ్బైయేళ్ల మా తాతను పన్నెండేళ్ల దొరబిడ్డ "వొరే" అని పిలవడం మా నాయన చూశాడు. నేనీ మాట చెప్పినప్పుడు మనుమరాలు రోమునుంచి నల్లగొండకు వొక్క అంగలో వచ్చింది.

యిక మిత్రుల మాటలో నేను వొప్పుకొనే భాగం. బళ్లో గంటలు పరిమితం. లాటిన్ పేరు చెప్పి వలసకార్మికుల పిల్లల యింటిభాషలను వెనక్కి నెట్టితే దాన్ని నేనూ వ్యతిరేకిస్తాను. ఇంగ్లండులో పదహారేళ్ల పిల్లలు రాసే పరీక్షలో వుర్దూ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ వున్నాయి, తెలుగు లేదు. రోమన్ కోటలో సిరియా మనిషి తన లిపి తాను చెక్కించుకున్నాడు. అదే ప్రాంతపు బళ్లో తెలుగుపిల్లకు తన అక్షరం లేదు. అయితే యీ కొరత తీరాలంటే లాటిన్‌ను తీసివేయనక్కరలేదు, తెలుగును చేర్చాలి. వొక పేదబిడ్డ పళ్లెంలోది తీసి మరొక పేదబిడ్డకు పెట్టడం సంస్కరణ కాదు.

కాని జరుగుతున్నదేమిటి? 2021లో కన్సర్వేటివు ప్రభుత్వం 40 లక్షల పౌన్లతో నలభై ప్రభుత్వ పాఠశాలల్లో లాటిన్ పథకం ప్రకటించింది. దేశంలో వేలకొద్దీ మాధ్యమిక పాఠశాలలుంటే నలభై! ఔదార్యమంటే అదీ. లేబరు ప్రభుత్వం వచ్చి 2024 డిసెంబరులో నిధులు నిలిపివేస్తున్నామని చెప్పి, 2025 ఫిబ్రవరితో, విద్యాసంవత్సరం మధ్యలో, ఆపేసింది. సగం పాఠం చదివిన పిల్లలు సగంలో నిలబడ్డారు. యేటన్ బళ్లో ఆ ఫిబ్రవరిలో వొక్క లాటిన్ గంట తగ్గలేదు. శ్రామికుల పేరుతో పుట్టిన పార్టీ శ్రామికుల పిల్లల దగ్గర లాటిన్ తీసేసుకుంది. ప్రభువుల పిల్లల దగ్గర తీసుకోలేదు. యిదేనా నా మిత్రులు కోరే అభ్యుదయం?

అంబేద్కర్ హైస్కూల్లో సంస్కృతం చదవాలనుకున్నాడు. అస్పృశ్యుడని రానివ్వలేదు, పర్షియన్ తీసుకోవలసి వచ్చింది. నిషేధించినవాళ్లకు తాము యేమి దాస్తున్నదీ తెలుసు. అదే సంస్కృత గ్రంథాలను బోనెక్కించి 1946లో 'శూద్రులెవరు?' అని నిలదీసినవాడు ఆయనే. యీనాడు మన రెండు రాష్ట్రాల్లో ఇంటర్మీడియట్ పిల్లలు తెలుగు వదిలి సంస్కృతం తీసుకొనేది మార్కుల కోసం. ఆ చదువులో మనుస్మృతినీ చదవరు, చార్వాకుల్నీ చదవరు. వొక ప్రాచీనభాషను కావలివాడుగా పెట్టుకోవడం వొక పద్ధతి, మార్కుల యంత్రంగా మార్చడం మరొక పద్ధతి. రెండూ ఆ భాషలోని సాక్ష్యాన్ని పిల్లలకు అందనివ్వవు. మన పల్లెల్లో లాటిన్ పెట్టమని నేనడగడం లేదు. మన ప్రాచీన గ్రంథాలపట్ల మనం తీసుకోవలసిన వైఖరి యీ ఇంగ్లండు వివాదంలో స్పష్టంగా కనిపిస్తున్నదని మాత్రమే చెబుతున్నాను.

నేను కోరేది నాలుగు ముక్కల్లో చెబుతాను. ప్రాచీనభాష, ప్రాచీనచరిత్ర చెబితే అందరు పిల్లలకూ చెప్పాలి. యేరిన నలభై బళ్లకు కాదు. దాన్ని యే గడపదగ్గరా ప్రవేశార్హతగా నిలబెట్టకూడదు. కోట అధిపతి భోజనాలబల్లతో మొదలుపెట్టినా వంటింటిదాకా, బానిససంతదాకా పాఠం సాగాలి. సెర్వుస్ అంటే బానిస అనే చెప్పాలి. పిల్లల యింటిభాషను తోసివేసి దీన్ని తేకూడదు.

ఏకలవ్యుడి బొటనవేలును ద్రోణుడు అడిగి పుచ్చుకున్నాడు. ఆ గురుదక్షిణను మనం యెన్ని వేదికలమీద తిట్టాం! యిప్పుడు ద్రోణుడు అడగకముందే, విలువిద్య క్షత్రియుల విద్య గనుక మనకు తగదని మనమే బొటనవేలు కోసి పళ్లెంలో పెట్టి యివ్వడం అభ్యుదయం యెట్లా అవుతుంది? మా నాయన బొటనవేలు వొక కాగితంమీద ముద్రగా మిగిలింది. ఆ కాగితం మా యింట్లో యింకా వుంది. ఆయన చదవలేకపోయిన ఆ నాలుగు పంక్తులను వుర్దూ తెలిసిన వొక మిత్రుడు యెన్నో యేళ్ల తరువాత నాకు చదివి చెప్పాడు. బాకీ యెంతో అందులో రాయలేదు. ఆ అంకె వేయవలసిన చోటు ఖాళీగా వుంది.

ఆ ఖాళీని చదవగలవాళ్లు మన పిల్లలు కావాలంటాను. మిత్రులు యిప్పుడు జవాబు చెప్పాలి.